మాట పడిపోయిందా? నాలుక మీద వస రాయకండి

“సార్, వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాస్తే మాటొస్తదంటన్నారు. రాయమంటారా?”

కోవూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పక్షవాతం రోగిని తీసుకొచ్చిన వాళ్ళలో ఈ మాట అడగనివాళ్ళు తక్కువ. అడిగేవాళ్ళు నయం. అడక్కుండానే రాసేసి, రెండో రోజు దగ్గుతో, జ్వరంతో ఉన్న మనిషిని చూపించేవాళ్ళూ ఉన్నారు. పసిపిల్లలకు వస పెట్టడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. కాబట్టి మాట పడిపోయిన పెద్దాయనకూ అదే వైద్యం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ పక్షవాతంలో దెబ్బ తగిలేది నాలుకకు కాదు, మెదడుకు. నాలుక మీద ఎంత వస రాసినా మెదడులో రక్తం అందక చెడిన భాగానికి అది చేరదు. పైగా ఆ మనిషికి మింగడం కూడా సరిగా రాకపోతే, ఆ ముద్ద, దాని వెనకే పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఈ ఒక్క ప్రశ్న విన్నప్పుడల్లా నాకు ఇంకోటి తోస్తుంది. కాలూ చెయ్యీ పడిపోతే ఫిజియోథెరపీ చేయించాలని ఇవాళ అందరికీ తెలుసు. చదువు లేని వాళ్ళు కూడా “కరెంటు పెట్టిచ్చాలా సార్, ఎక్సర్‌సైజు చేపిచ్చాలా?” అని అడుగుతున్నారు. మాట పోతే మాత్రం వస, లేదంటే దేవుడు. మాటకు కూడా ఒక చికిత్స ఉందనీ, దానికి చదువుకున్న మనుషులు ఉన్నారనీ చాలా ఇళ్ళకు తెలియదు. నిజం చెప్పాలంటే మా డాక్టర్లలోనూ చాలామందిమి డిశ్చార్జి కాగితం మీద ఫిజియోథెరపీ అని రాస్తాం, స్పీచ్ థెరపీ అని రాయం.

ఫ్యాను కోసం వారం రోజులు

మా మండలంలో మగ్గాల ఊళ్ళున్నాయి. అలాంటి ఊరి నుంచి వచ్చిన ఒకాయన గురించి చెబుతాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. వయసు అరవైకి దగ్గర, బీపీ మాత్రలు మధ్యలో మానేశాడు. ఒక తెల్లారి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ఆగింది. పెద్ద ఆసుపత్రిలో ప్రాణాపాయం తప్పి, వారం తర్వాత మా దగ్గరకు వచ్చాడు. ఏది అడిగినా ఆయన నోటి నుంచి వచ్చేది ఒకటే: “అది గాదు... అది గాదు.” అన్నం తింటావా అంటే అది గాదు. నొప్పి ఉందా అంటే అది గాదు. ఎడమ చెయ్యి పైకెత్తి చూపించేవాడు.

“దేవుడి మీద పడింది సార్ గ్యానం” అంది భార్య. కొడుకు ఇంకొంచెం ముందుకు పోయి, తండ్రి మంచం పక్కనే నిలబడి, “మా నాయనకేం తెలీడం లేదు సార్, మతి పొయింది” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను కొడుకును కాదు, తండ్రిని చూస్తున్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. “నీ పేరు రాముడా?” అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అసలు పేరు చెప్పాను, నిలువుగా ఊపాడు. కళ్ళు మూసుకోమన్నాను, మూసుకున్నాడు. పెన్ను, కళ్ళద్దాలు, తాళం చెవి మంచం మీద పెట్టి తాళం చెవి చూపించమంటే చూపించాడు. ఆయనకు చాలావరకు అర్థమవుతోంది. చెప్పడమే రావడం లేదు. తర్వాత పైకి చూపించిన చెయ్యి వెంట నేనూ చూశాను. నెత్తి మీద ఫ్యాను. “గాలి ఎక్కువైందా?” అన్నాను. తల ఊపిన తీరు చూస్తే, ఆ ఒక్క ప్రశ్న కోసం ఆయన వారం నుంచి ఎదురు చూస్తున్నాడని అర్థమైంది. చలికి వణుకుతున్న మనిషికి భక్తి పుట్టిందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

దీన్ని అఫేజియా అంటారు. మెదడులో భాషను నడిపే భాగం దెబ్బతినడం. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఈ భాగం ఎడమవైపు ఉంటుంది. అందుకే కుడి చెయ్యి, కాలు పడిపోయిన వాళ్ళలో మాట పోవడం ఎక్కువగా చూస్తాం. పక్షవాతం వచ్చిన ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి ఇది వస్తుంది. తెలివి వేరు, భాష వేరు. భాష పోయిన మనిషికి తన వాళ్ళెవరో తెలుసు, ఏది న్యాయమో తెలుసు, తన పొలం హద్దులు తెలుసు. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మాట పోగానే ఇంట్లో ఆ మనిషి స్థానం కూడా పోతుంది. పెళ్ళి సంబంధం ఆయన్ని అడక్కుండా కుదురుతుంది. స్థలం కాగితాల మీద వేలిముద్ర తీసుకుంటారు, అందులో ఏముందో చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. మాట్లాడలేడు కాబట్టి తెలియదు అనుకుంటాం. నేను చూసిన అన్యాయాల్లో చప్పుడు లేనిది ఇదే.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే సర్జన్ దగ్గరకు ఒక రోగిని తెచ్చారు. చెప్పుల అచ్చులు చేసే పనివాడు, ఇరవై ఏళ్ళకు పైగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏం అడిగినా “టాన్, టాన్” అనేవాడు, అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచేవాళ్ళు. అడిగింది మాత్రం అర్థమయ్యేది. ఆయన చనిపోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. మాటకు మెదడులో చోటు ఉందని వైద్యలోకం నమ్మడానికి ఆ చెప్పుల పనివాడే కారణం. మా మగ్గం ఆయన “అది గాదు” విన్నప్పుడు నాకు టాన్ గుర్తుకొచ్చాడు.

ఇంకో రకం ఉంది, అది డాక్టర్లనే మోసం చేస్తుంది. మాట గడగడా వస్తుంది కానీ అర్థం ఉండదు, ఎదుటివాళ్ళు చెప్పేదీ తలకెక్కదు. చెయ్యి, కాలు బాగానే ఉండొచ్చు. నేను పీజీ చదివే రోజుల్లో ఇలాంటి ఒకావిడను “పొంతన లేని మాటలు” అని కేసు షీటులో రాసి మానసిక వైద్య విభాగానికి పంపాను. మూడు రోజులు ఆవిడ అక్కడే ఉంది. సీటీ స్కాన్ తీశాక ఎడమవైపు పక్షవాతం బయటపడింది. ఆవిడ కూతురు నన్నేమీ అనలేదు. అన్నా బాగుండేది. అందుకే మీకు చెబుతున్నాను: నిన్నటిదాకా బాగున్న మనిషి హఠాత్తుగా అర్థంలేని మాటలు మాట్లాడితే గాలి సోకిందని తాయెత్తు కట్టించకండి, పిచ్చి అని కూర్చోకండి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాటలో తేడా, ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా 108కు ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు.

మొదటి గుక్కకు ముందు

భోజనాల దగ్గర ఎవరికైనా పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నవ్వేసి, నెత్తి మీద తడతాం. పక్షవాతం రోగికి పొలమారితే నవ్వే సంగతి కాదు. మాటకూ మింగడానికీ పనిచేసేవి అవే పెదాలు, అదే నాలుక, అదే గొంతు. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో సుమారు సగం మందికి మింగడంలో ఇబ్బంది ఉంటుంది. వాళ్ళలో కొందరికి దగ్గు కూడా రాదు. నీళ్ళు శ్వాసనాళంలోకి నిశ్శబ్దంగా జారిపోతాయి. రెండు మూడు రోజుల్లో న్యుమోనియా. పక్షవాతాన్ని తట్టుకున్న మనిషి న్యుమోనియాతో పోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టుకోలేదు. ఒక తల్లి పడుకుని ఉన్న కొడుక్కి “గొంతెండకపోతుంది గదా” అని చెంచాతో కొబ్బరి నీళ్ళు పోసింది. ప్రేమతోనే పోసింది. ఐదో రోజు ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆ నీళ్ళ వల్లనే అని చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

మన లెక్క ఇక్కడ తలకిందులుగా ఉంటుంది. జబ్బు మనిషికి పలుచగా ఇస్తే తేలిగ్గా దిగుతుందనుకుంటాం. నీళ్ళు, కాఫీ, పలుచటి మజ్జిగ, గంజి ఇస్తాం. గొంతు కండరాలు నీరసించిన వాళ్ళకు పలుచటివే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే గొంతు మూసుకునేలోపే అవి జారిపోతాయి. చిక్కగా, మెత్తగా ఉన్నవి కొందరికి నయం. ఎవరికి ఏ చిక్కదనం పనికొస్తుందో చూసి చెప్పేది స్పీచ్ థెరపిస్టే. పేరులో స్పీచ్ ఉంది గానీ, మింగడం సరిచేయడం కూడా వాళ్ళ పనే. ఈ సంగతి చాలామందికి తెలియదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వస్తే, నోట్లో మొదటి గుక్క పోసేముందు “మింగగలడో లేదో చూశారా?” అని వార్డులో అడగండి. నర్సమ్మను అడగండి, మమ్మల్ని అడగండి, మేం విసుక్కున్నా అడగండి. చూసే పద్ధతి పెద్దదేం కాదు. మనిషి మెలకువగా ఉండాలి, నిటారుగా కూర్చోగలగాలి. ముందు ఒక చెంచా నీళ్ళు, ఇబ్బంది లేకపోతే మరికొన్ని చెంచాలు, తర్వాతే గ్లాసు. దగ్గినా, గొంతు నీళ్ళు నిండినట్టు గరగరమన్నా, ఊపిరి మారినా అక్కడితో ఆపేస్తాం. ఇది శిక్షణ ఉన్నవాళ్ళు చేయాల్సిన పరీక్ష, ఇంట్లో మీరు ప్రయోగం చేయొద్దు. పరీక్షలో తప్పితే ముక్కులోంచి గొట్టం వేస్తాం. గొట్టం అనగానే “ఇంక ఆశ లేదా సార్?” అని కన్నీళ్ళు పెట్టుకుంటారు. గొట్టం ఆశ లేక వేసేది కాదు. చాలామందికి కొద్ది వారాల్లో మింగడం తిరిగొస్తుంది, గొట్టం తీసేస్తాం. అందాకా కడుపుకు తిండి, మాత్ర చేరాలి కదా.

ఆస్ట్రేలియాలో 19 పక్షవాతం వార్డుల్లో ఒక పరీక్ష చేసి 2011లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని వార్డుల్లో నర్సులకు మూడే పనులు పక్కాగా నేర్పారు: జ్వరం చూడటం, షుగర్ చూడటం, మింగడం చూడటం. 90 రోజుల తర్వాత చనిపోయిన లేదా ఇతరుల మీద ఆధారపడిన రోగులు ఆ వార్డుల్లో 42 శాతం, మిగతా వార్డుల్లో 58 శాతం. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఒక చెంచా, ఒక గ్లాసు నీళ్ళు, నేర్చుకున్న నర్సు. ఈ పని కోవూరులో చేయొచ్చు, ఆత్మకూరులో చేయొచ్చు, ఎక్కడైనా చేయొచ్చు.

మాట చికిత్స అంటే ఏం చేస్తారు?

నాలుకకు కసరత్తు చేయిస్తారని చాలామంది అనుకుంటారు. మాట ముద్దముద్దగా వచ్చే రకంలో, అంటే భాష బాగానే ఉండి పలికే కండరాలు నీరసించినప్పుడు, ఉచ్చారణ, ఊపిరి, వేగం మీద పనిచేస్తారు. అఫేజియాలో పని వేరు. పోయిన మాటకు మెదడులో కొత్త దారి వెతకాలి. బొమ్మ చూపించి పేరు చెప్పించడం, రాకపోతే మొదటి అక్షరం అందించడం, వస్తువు ఉపయోగం చెప్పి గుర్తు చేయడం, రాయించడం, సైగలు నేర్పడం, మాట్లాడే తీరు ఇంటివాళ్ళకు నేర్పడం. మాట రాని మనిషి చాలాసార్లు పాట పాడతాడు. ఒకట్లు లెక్కపెడతాడు, వారాల పేర్లు చెబుతాడు, గోవిందనామాలు అందుకుంటాడు. తిట్లు కూడా శుభ్రంగా వస్తాయి, దానికి సిగ్గుపడి ఇంటివాళ్ళు మాకు చెప్పరు. చెప్పండి. అలవాటుగా నోటికొచ్చే ఈ మాటలు, పాటలు మెదడులో వేరే దారిలో నడుస్తాయి. 1973లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఆ రాగం దారినే పట్టుకుని, మాటను పాటలా పలికించే చికిత్స రూపొందించారు.

భాష సంగతి ఒకటి చెప్పాలి. తెలుగులో ఎవరు చేశారో క్రియ చివరే తెలుస్తుంది. వచ్చాను, వచ్చావు, వచ్చింది. అఫేజియా వచ్చిన మనిషికి ఆ చివరలే జారిపోతాయి, “రా... రా...” దగ్గర ఆగిపోతాడు. ఇంగ్లీషు వాళ్ళ కోసం తయారైన పాఠాన్ని తెచ్చి ఇక్కడ పెడితే కుదరదు. తెలుగు రోగికి తెలుగులో, ఇంట్లో ఉర్దూ మాట్లాడే వాళ్ళకు ఉర్దూలో చికిత్స జరగాలి. కాన్వెంటులో చదివే మనవడు తాతకు ‘యాపిల్’, ‘బాల్’ నేర్పుతుంటే ముద్దుగానే ఉంటుంది, కానీ తాతకు కావాల్సింది నీళ్ళు, అన్నం, నొప్పి, వద్దు. రెండు భాషలు వస్తే మెదడుకు రక్షణ ఉంటుందా అన్నదాన్ని హైదరాబాద్ నిమ్స్ వైద్యులు పరిశీలించారు. 608 మంది పక్షవాతం రోగుల వివరాలతో 2016లో వెలువడిన ఆ అధ్యయనంలో, జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవాళ్ళు రెండు భాషలు వచ్చినవాళ్ళలో 40 శాతం దాకా ఉంటే, ఒకే భాష వచ్చినవాళ్ళలో 20 శాతమే. కానీ అఫేజియా రావడంలో మాత్రం ఇద్దరికీ తేడా కనిపించలేదు. ఎన్ని భాషలొచ్చినా మాట పోవచ్చు.

ఇంట్లో మీరు చేయగలిగింది చాలా ఉంది. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, ఒకసారి ఒక్క సంగతే అడగండి. “కాఫీ తాగుతావా, టీ తాగుతావా, టిఫిన్ ఏం చెయ్యమంటావు?” అని గుక్కతిప్పుకోకుండా అడిగితే మంచి మనిషికే తలతిరుగుతుంది. అవును, కాదు అని తల ఊపితే చాలేలా అడగండి. జవాబుకు పది లెక్కపెట్టేంత సేపు ఆగండి, నోట్లో మాట లాగేసుకోకండి. కష్టపడి “నీ... నీ...” అంటే అది నీళ్ళేనని తెలిసినప్పుడు, “సరిగ్గా పలుకు, అప్పుడిస్తా” అని పంతం పట్టొద్దు. గ్లాసు ఇచ్చి “నీళ్ళు” అనండి. గట్టిగా అరవొద్దు, ఆయనకు చెవుడు కాదు. పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడొద్దు. ఆయన ముందు ఆయన గురించి “వీడికేం తెలీదు” అనొద్దు. ఇంట్లోవాళ్ళ ఫొటోలు, కంచం, మాత్రలు, బాత్‌రూమ్, ఫ్యాను బొమ్మలు ఒక నోటుబుక్కులో అంటించి మంచం పక్కన పెట్టండి. మా మగ్గం ఆయనకు అలాగే పెట్టించాను. మొదటి పేజీలో ఫ్యాను ఉంది.

పక్షవాతం గురించే చెబుతున్నాను గానీ, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకూ ఈ చికిత్స అవసరమే. గొంతు సన్నబడి గొణిగినట్టు ఉంటుంది, ఇంటివాళ్ళు వయసు అనుకుంటారు. గట్టిగా పలకడం ఒక్కదాని మీదే వారానికి నాలుగు రోజులు, నాలుగు వారాలు సాధన చేయించే పద్ధతి ఉంది, పనిచేస్తుంది. తలకు దెబ్బ తగిలిన కుర్రాళ్ళు మరో పెద్ద వర్గం. హైవే పక్కన ఉన్న ఊరు మాది.

“ఆర్నెల్లు దాటిందిగా సార్”

ఈ మాట రోగులే కాదు, డాక్టర్లూ అంటారు. మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, నిజమే. అందుకే వార్డులో ఉండగానే మొదలుపెట్టాలి. కానీ ఆర్నెల్ల తర్వాత తలుపు మూసుకుపోతుందనడం తప్పు. జర్మనీలో పక్షవాతం వచ్చి ఆర్నెల్లు దాటిన 156 మంది మీద చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. మూడు వారాలు, వారానికి కనీసం పది గంటల చొప్పున చికిత్స ఇస్తే రోజువారీ సంభాషణ మెరుగైంది. అంతకుముందు ఏడాది వెలువడిన కొక్రేన్ సమీక్ష 57 పరీక్షలను కలిపి చూసి, మాట చికిత్స వల్ల మేలు ఉందని తేల్చింది. అయితే వారానికి గంట చొప్పున ఏదో చేశామనిపిస్తే కుదరదు. పాత మాటంతా తిరిగొస్తుందనీ నేను చెప్పను. పెద్ద పక్షవాతమైతే చాలామందికి రాదు. పది మాటలతో, సైగలతో, బొమ్మలతో ఇంట్లో తన మాట చెల్లించుకోగలిగితే అది కూడా ఫలితమే.

మరి థెరపిస్టులు ఎక్కడ? నా గొడవంతా ఇక్కడే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి కేంద్రాల్లో స్పీచ్ థెరపిస్టు పోస్టు పెట్టారు. అది 18 ఏళ్ళలోపు పిల్లల కోసం. మంచి పని. కానీ అదే జిల్లాలో మాట పోయిన తాతకు, తండ్రికి, అమ్మకు అలాంటి ఏర్పాటు లేదు. పిల్లల కోసం ఆ పోస్టు ఎందుకు అవసరమైందో, పెద్దల కోసం కూడా అందుకే అవసరం. ప్రతి ఏరియా ఆసుపత్రికీ ఒకరిని పెట్టమని అడగడం లేదు. నాలుగైదు ఆసుపత్రులకు కలిపి ఒకరు, వారానికి రెండు రోజులు వచ్చినా, మిగతా రోజుల్లో ఈ-సంజీవని లాంటి వీడియో మీద చూసినా పని నడుస్తుంది. మాట చికిత్స వీడియోలో బాగానే కుదిరే చికిత్స, చెయ్యి పట్టి చూడాల్సిన అవసరం తక్కువ.

ఈ మాట అంటే నా తోటి డాక్టరు ఒకరు, “వెంటిలేటరుకే మనుషుల్లేరు, నీకు మాటల మాస్టారు కావాలా?” అన్నారు. ఆయన బాధ నాకు తెలుసు, అది అబద్ధం కాదు. కానీ మింగడం చూడక న్యుమోనియా వచ్చిన రోగి చివరికి ఆ వెంటిలేటరు దగ్గరికే వస్తాడు.

అందాకా మీరు ఎక్కడికి వెళ్ళాలి? నెల్లూరులో కేంద్ర ప్రభుత్వం నడిపే కాంపోజిట్ రీజనల్ సెంటర్ ఉంది, దివ్యాంగుల పునరావాసం కోసం పెట్టింది. అక్కడ మాట చికిత్స గురించి అడగండి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు దేశంలో పెద్ద బడి. ప్రైవేటుగా వెళితే ఆ థెరపిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. ఇంకొకటి, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాష వైకల్యం ఒకటి. అందులో అఫేజియా పేరు స్పష్టంగా ఉంది. శాశ్వత వైకల్యం 40 శాతం, ఆపైన ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే ధ్రువపత్రం వస్తుంది. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. చెయ్యి, కాలు బాగై మాట ఒక్కటే పోయినవాళ్ళు “మాకు రాదులే” అని దరఖాస్తు కూడా పెట్టడం లేదు. పెట్టండి.

మగ్గం ఆయన్ని నెల్లూరులో ఒక థెరపిస్టు దగ్గరికి పంపించాను. వారానికి రెండుసార్లు బస్సులో పోయొచ్చేవారు. కొడుకు మొదట్లో ఇష్టపడలేదు. తర్వాత తనే తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు, ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంట్లో చేయించేవాడు. ఐదు నెలల తర్వాత భార్య ఒక్కతే బీపీ మాత్రల కోసం వచ్చింది. ఎట్లున్నాడమ్మా అంటే, “ఏం జెప్పమంటారు సార్, మీరు ఉప్పు తగ్గించమన్యారని చేపల పులుసులో తగ్గించినా. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోని కంచం జరిపినాడు. ‘ఉప్పు... లేదు’ అన్యాడు సార్. రెండు మాటలూ బాగా అన్యాడు” అంది.

ఉప్పు మాత్రం పెంచొద్దని చెప్పి పంపాను.